మూత ఉబ్బిన డబ్బా, అమ్మోనియా వాసన: కలిపి నిల్వ ఉంచిన బాణసంచా మందును ఏం చేయాలి?

వెన్నెలమతాబు
మా అభిరుచి బృందంలో చాలాకాలం పనిచేసి, ఆరోగ్యం సహకరించక మానుకున్న ఒక పెద్దాయన తన సామగ్రి అంతటినీ నాకు అప్పగించారు. విడి రసాయనాల సీసాల మీద పేర్లు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ముందే కలిపి ఉంచిన మందుతోనే వచ్చింది. ఒక డబ్బా మీద 'ఆకుపచ్చ' అని మాత్రమే రాసి ఉంది. వెండి రంగు పొడి ఉన్న మరో డబ్బా మూత పైకి ఉబ్బింది, ఆ అలమర దగ్గర ఘాటైన అమ్మోనియా వాసన వస్తోంది. ఎండిన రంగు గుళికల పొట్లాలు కూడా కొన్ని ఉన్నాయి. తేమ పట్టిన మందును ఆరబెట్టి వాడుకోవచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు. కలిపిన మందు ఎంతకాలం నిలుస్తుంది, ఈ డబ్బాలను నేను ఏం చేయాలి అన్నవి నా ప్రశ్నలు.

సురేకారం
ముందుగా ఆ డబ్బా మూత తీయకండి, కదపకండి, ఆ గదిలోకి ఇంకెవరినీ వెళ్లనివ్వకండి. మిగిలిన చర్చ ఆ తరువాత జరగవచ్చు.

లవణపరీక్ష
సురేకారం గారి మాటే నాదీ. ఆ వాసనకు కారణం కూడా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఆరబెట్టాలన్న ఆలోచన దానంతటదే ఆగిపోతుంది.

వెండి రంగు పొడి అల్యూమినియం అయి, దానితో కలిసినది నైట్రేట్ లవణం అయితే, ఆ మిశ్రమానికి తేమ తగలగానే నెమ్మదిగా ఒక చర్య మొదలవుతుంది. అల్యూమినియం నైట్రేట్‌ను క్షయీకరించి, అంటే దానిలోని ఆక్సిజన్‌ను లాగేసి, అమ్మోనియాగా మారుస్తుంది. మామూలుగా అల్యూమినియం రేణువును పలుచని ఆక్సైడ్ పొర కాపాడుతూ ఉంటుంది, కానీ అమ్మోనియా క్షార స్వభావం గలది కాబట్టి ఆ పొరను కరిగిస్తుంది. పొర కరిగిన చోట కొత్త లోహం బయటపడి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది, దానితో మరింత అమ్మోనియా, మరింత వేడి పుడతాయి. అంటే ఈ చర్య తన ఫలితాన్నే ఆసరాగా చేసుకుని పెరిగే చర్య. మూత ఉబ్బిందంటే లోపల వాయువు చేరుతోందని, వాసన వస్తోందంటే చర్య ఈ క్షణంలో కూడా నడుస్తోందని అర్థం. దానిని ఆరబెట్టడానికి వేడి తగిలించడం ప్రాణాలతో ఆడుకోవడమే.

తారాజువ్వ
ఇక్కడ అందరూ కొంచెం ఎక్కువగా భయపెడుతున్నారని నా అభిప్రాయం. నేను నల్లమందును, అంటే నల్లని తుపాకిమందును, ఏళ్ల తరబడి నిల్వ ఉంచాను, దానికి ఏమీ కాలేదు. వందేళ్ల నాటి నల్లమందు కూడా పొడిగా ఉంటే మండుతుందని అందరికీ తెలుసు. కలిపిన మందు అనగానే ప్రమాదం అన్నట్టు మాట్లాడడం సరి కాదు.

లవణపరీక్ష
నల్లమందు విషయంలో తారాజువ్వ గారు చెప్పింది నిజమే. పొటాషియం నైట్రేట్, బొగ్గు, గంధకం మామూలు ఉష్ణోగ్రతలో పరస్పరం చర్య జరుపుకోవు. తేమ తగిలితే నైట్రేట్ కరిగి, మళ్లీ స్ఫటికంగా మారి, మిశ్రమం బిగుతు చెడి మండే వేగం తగ్గుతుందే తప్ప అది తనంతట తాను వేడెక్కదు. అయితే ఆ స్థిరత్వం నల్లమందు సొంతం. నిప్పురవ్వకు అదీ వెంటనే అంటుకుంటుందన్న సంగతి మరువకూడదు. రసాయనికంగా చెడకపోవడం, సులువుగా అంటుకోకపోవడం రెండు వేర్వేరు గుణాలు. ఒకదానిని చూసి రెండోది ఉన్నట్టు అనుకోవడం వల్లనే చాలామంది దెబ్బతింటున్నారు.

నైట్రేట్‌కు బదులు, అలాగే ఆక్సిజన్ అందించే మరో లవణమైన క్లోరేట్ పెడితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. పొటాషియం క్లోరేట్‌ను వెలుగులోకి తెచ్చిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలే, అది నైట్రేట్ కంటే శక్తిమంతమైన తుపాకిమందునిస్తుందని ఆశించాడు. 1788లో ఫ్రాన్స్‌లోని ఎస్సోన్ కర్మాగారంలో ఆ ప్రయత్నం జరుగుతుండగా మిశ్రమం పేలి ఇద్దరు చనిపోయారు. బెర్తొలే, మరో రసాయన శాస్త్రవేత్త లవాజియే ఇద్దరూ ఆ రోజు అక్కడికి వచ్చినవారే, ఆ క్షణంలో దగ్గర లేనందువల్ల బతికారు. నల్లమందుతో తరాల తరబడి పండిన అనుభవం ఒక్క లవణం మారేసరికి పనికిరాకుండా పోయింది.

గంధకరేఖ
క్లోరేట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 'ఆకుపచ్చ' అని రాసిన డబ్బా నాకు వెండి పొడి డబ్బా కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఆకుపచ్చ రంగు సాధారణంగా బేరియం లవణాల నుంచి వస్తుంది. పాత పద్ధతుల్లో అది బేరియం క్లోరేట్ కావచ్చు, లేదా బేరియం నైట్రేట్‌కు తోడు పొటాషియం క్లోరేట్ ఉండవచ్చు. అందులో గంధకం కూడా పడి ఉంటే అది ఏ స్థితిలో ఉందో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

గంధకం తేమగాలిలో కొద్దికొద్దిగా ఆక్సీకరణ చెంది ఆమ్లాలను ఇస్తుంది. ఆ ఆమ్లం క్లోరేట్‌ను తాకితే క్లోరిక్ ఆమ్లం, దాని నుంచి క్లోరిన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. క్లోరిన్ డయాక్సైడ్ తనంతట తానే విస్ఫోటనం చెందగల వాయువు. అందువల్ల క్లోరేట్, గంధకం మిశ్రమం రాపిడికి, దెబ్బకు అంటుకోవడమే కాదు, ఎవరూ ముట్టుకోకపోయినా అంటుకోగలదు. బ్రిటన్ 1894లోనే ఈ రెండింటినీ కలిపిన బాణసంచాను చట్టం ద్వారా నిషేధించింది. అంతకు ముందు జరిగిన వరుస ప్రమాదాలే అందుకు కారణం.

చిచ్చుబుడ్డి
గంధకరేఖ గారూ, నాకు ఒక సందేహం. అగ్గిపుల్ల తలలో క్లోరేట్ ఉంటుంది, గంధకమూ ఉంటుంది. కోట్ల సంఖ్యలో అగ్గిపెట్టెలు ఇళ్లలో పడి ఉంటున్నాయి. ఈ మిశ్రమం అంత చెడ్డదైతే అవి ఎలా నిలుస్తున్నాయి?

గంధకరేఖ
ఇది అడగవలసిన ప్రశ్నే. అగ్గిపుల్లల మందును పొడిగా కలపరు, తడి జిగురులో ముద్దగా తయారు చేస్తారు. రేణువు రేణువుకూ మధ్య జిగురు, గాజుపొడి వంటి నింపుడు పదార్థాలు అడ్డుగా నిలుస్తాయి. పుట్టే కొద్దిపాటి ఆమ్లాన్ని పీల్చుకోవడానికి జింక్ ఆక్సైడ్ వంటి పదార్థాన్ని చేరుస్తారు. అన్నిటికీ మించి, ఒక్కో తల చాలా చిన్నది కాబట్టి లోపల పుట్టిన వేడి వెంటనే బయటికి పోతుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. భద్రతా అగ్గిపెట్టెలో ఎర్ర భాస్వరాన్ని పుల్ల మీద కాకుండా పెట్టె పక్కన గీసే పట్టీ మీద పూస్తారు. క్లోరేట్‌నూ ఎర్ర భాస్వరాన్నీ ఒకేచోట చేరనివ్వకపోవడమే ఆ రూపకల్పనలోని ప్రాణం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న పరిశ్రమను చూపి, ఇంటి డబ్బాలో చేత్తో కలిపిన పొడి కూడా అలాగే నిలుస్తుందని అనుకోలేము.

చిచ్చుబుడ్డి
పరిమాణం మాట నేను ఆలోచించలేదు. కృతజ్ఞతలు.

ఉష్ణమాపకం
ఆ మాటనే కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే అభిరుచితో పనిచేసేవారిలో చాలామందికి పట్టుబడని విషయం అదే. ఒక మిశ్రమంలో వేడి పుట్టడం దాని ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది, ఆ వేడి బయటికి పోవడం దాని ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. కుప్ప రెండింతలు వెడల్పయితే ఉపరితలం నాలుగింతలవుతుంది, ఘనపరిమాణం ఎనిమిదింతలవుతుంది. అందుకే చెంచాడు మోతాదులో ఎన్నాళ్లయినా చల్లగా ఉండే మందు, అదే గదిలో పెద్ద డబ్బాలో నడిబొడ్డున వేడెక్కుతూ పోవచ్చు. పచ్చిగా ఉండగానే వేసిన గడ్డివాము నడుమ నుంచి పొగలు రావడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ఉష్ణోగ్రత తోడవుతుంది. సాధారణంగా పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం రెండు నుంచి నాలుగు రెట్లవుతుంది. చల్లని కాలంలో నెలల తరబడి కదలకుండా ఉన్న డబ్బా, ఎండాకాలంలో రేకుల కప్పు కింద కొద్ది రోజుల్లోనే హద్దు దాటవచ్చు. పుట్టే వేడి పోయే వేడిని మించే స్థాయి ఎక్కడ వస్తుందో లెక్కించే సిద్ధాంతాన్ని సెమెనోవ్, ఫ్రాంక్-కమెనెట్‌స్కీ అనే సోవియట్ శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. అయితే ఆ లెక్కకు మిశ్రమం స్వభావం కచ్చితంగా తెలియాలి. వెన్నెలమతాబు గారి దగ్గర ఉన్నది ఏమిటో తెలియదు కాబట్టి ఏ లెక్కా ఇక్కడ పనికిరాదు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్నది రేపటికి హామీ కాదు.

కాకరపువ్వొత్తి
అల్యూమినియం మందులో కొంచెం బోరిక్ ఆమ్లం వేస్తే ఈ అమ్మోనియా బెడద ఉండదని విన్నాను. పెద్దాయన అది వేసి ఉంటే డబ్బా సురక్షితమే కదా?

లవణపరీక్ష
వేసి ఉంటే ఈ వాసన వచ్చే అవకాశం తక్కువ. బోరిక్ ఆమ్లం మిశ్రమాన్ని బలహీన ఆమ్ల స్థితిలో ఉంచి అల్యూమినియం మీది ఆక్సైడ్ పొరను నిలబెడుతుంది. అయితే దానిని అన్ని లోహాలకూ మందుగా భావించడం తప్పు. మెగ్నీషియం ఆమ్లాన్ని సహించదు కాబట్టి అల్యూమినియంను కాపాడిన బోరిక్ ఆమ్లమే తడి మెగ్నీషియంను తినేస్తుంది. మెగ్నీషియం రేణువులకు నూనె వంటి పూత పూసి తేమ తగలకుండా చూస్తారు. డైక్రోమేట్‌తో పూత ఇచ్చే పాత పద్ధతి కూడా ఉంది కానీ అందులోని ఆరు సంయోజకత గల (హెక్సావలెంట్) క్రోమియం క్యాన్సర్ కారకం కావడంతో దానివల్ల మరో అపాయం వస్తుంది. ఒక లోహానికి నేర్చుకున్న నియమాన్ని మరో లోహానికి అన్వయించకూడదన్నది నేను నొక్కి చెప్పదలచుకున్న మాట.

జల్లెడ
మా బృందంలో జరిగినదొకటి రాస్తాను. ఒక సభ్యుడు అమ్మోనియం పర్‌క్లోరేట్ ఉన్న మందును జల్లెడ పట్టి, ఆ జల్లెడను పైపైన తుడిచి పెట్టాడు. మరొకరు అదే జల్లెడలో క్లోరేట్ మందు పట్టారు. రెండు మిశ్రమాలూ విడివిడిగా చూస్తే సవ్యమైనవే. అమ్మోనియం లవణం, క్లోరేట్ తేమలో కలిస్తే అమ్మోనియం క్లోరేట్ ఏర్పడవచ్చు, అది గది ఉష్ణోగ్రతలోనే విచ్ఛిన్నమయ్యే పదార్థం. ఆ గుళికలు ఆరబెట్టిన పళ్లెంలోనే అంటుకున్నాయి. ఆ సమయానికి షెడ్డులో ఎవరూ లేరు. అప్పటి నుంచి మా దగ్గర క్లోరేట్ పనికి జల్లెడ, గిన్నె, బ్రష్షు, చివరికి తొడుక్కునే పై అంగీ కూడా వేరుగా ఉంచుతున్నాము. పెద్దాయన వాడిన పనిముట్లు కూడా వెన్నెలమతాబు గారి చేతికి వచ్చి ఉంటాయి, వాటిని శుభ్రమైనవిగా భావించవద్దు.

తారాజువ్వ
జల్లెడ గారి సంఘటన చదివాక నా మాటను కొంత సవరిస్తున్నాను. నల్లమందు వరకే నా అనుభవం వర్తిస్తుంది. అయినా పర్‌క్లోరేట్ మందులు క్లోరేట్ కంటే ఎంతో నయమన్నది ఒప్పుకోవాలి కదా? అందరూ వాటికే మారితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

గంధకరేఖ
పొటాషియం పర్‌క్లోరేట్ ఆమ్లానికి అంత సులువుగా లొంగదు కాబట్టి నిల్వ విషయంలో నయమే. అంతమాత్రాన అందులో ప్రమాదం లేదని కాదు. మెత్తటి లోహపు పొడితో కలిసిన పర్‌క్లోరేట్ మిశ్రమాలు కొద్దిపాటి మోతాదులో కూడా, బిగించకుండా వదిలేసినా, చేతులు తెగిపడేంత వేగంతో కాలిపోతాయి. అభిరుచితో పనిచేసేవారి మరణాల్లో పదేపదే కనిపించే మిశ్రమం అదే. అమ్మోనియం పర్‌క్లోరేట్ సంగతి వేరు. దానికి పొటాషియం నైట్రేట్ తగిలితే లవణాలు జతలు మార్చుకుని అమ్మోనియం నైట్రేట్ ఏర్పడుతుంది, అది గాలిలోని తేమను లాగి మందును చెమ్మ చేస్తుంది.

స్థిరవిద్యుత్
వెండి పొడి డబ్బా దగ్గరికి ఎందుకు వెళ్లకూడదన్నదానికి మరో కారణం ఉంది. పొడి వాతావరణంలో నడిచే మనిషి శరీరం మీద పదివేల వోల్టులకు పైగా స్థిర విద్యుత్తు చేరగలదు. ఆ స్థాయిలో వేలి కొసనుంచి దూకే నిప్పురవ్వలో కొన్ని మిల్లీజౌల్‌ల శక్తి ఉంటుంది, కొన్ని లోహపు మందులకు అంతకంటే తక్కువే చాలు. నైలాన్ బట్టలు, ప్లాస్టిక్ సంచులు ఈ పనికి పనికిరావు.

పాతపుస్తకం
రంగు గుళికల పొట్లాల గురించి ఎవరూ రాయలేదు. కొందరు గుళికలకు బంధకంగా నైట్రోసెల్యులోజ్ (నైట్రిక్ ఆమ్లంతో మార్చిన దూది) లక్కెరను వాడేవారు. ఆ పదార్థం కాలం గడిచేకొద్దీ నెమ్మదిగా విచ్ఛిన్నమై నత్రజని ఆక్సైడ్‌లను వదులుతుంది, అవి తిరిగి దానినే మరింత వేగంగా విరిచేస్తాయి. పొగలేని మందుగుండులో డైఫినైలమీన్ వంటి స్థిరీకారిని కలిపేది ఆ ఆక్సైడ్‌లను పుట్టినవి పుట్టినట్టే బంధించడానికే. ఈ జ్ఞానానికి ప్రపంచం పెద్ద మూల్యమే చెల్లించింది. ఫ్రెంచి నౌకాదళం యుద్ధనౌకలైన ఇయేనా 1907లోనూ, లిబర్తే 1911లోనూ తూలాన్ రేవులో పేలిపోయినప్పుడు, నిల్వలో పాతబడి విచ్ఛిన్నమైన నైట్రోసెల్యులోజ్ మందే కారణమని ఎక్కువగా భావించారు. వందల మంది నావికులు పోయారు. యుద్ధం లేదు, శత్రువు లేడు, మందు తన అరలో తాను ఉండగానే అంత జరిగింది. గుళికల మీద పసుపు రంగు తిరగడం, ఘాటైన పుల్లని వాసన, పొట్లం కాగితం పెళుసుబారి రాలిపోవడం చెడిన గుర్తులు. ఆ గుర్తులు కనబడకపోయినా అవి బాగున్నట్టు కాదు.

వెన్నెలమతాబు
అందరి సమాధానాలూ చదివాను. ఆరబెట్టే ఆలోచన పూర్తిగా విరమించుకున్నాను. గదికి తాళం వేశాను. ఇప్పుడు మిత్రులు మూడు మార్గాలు చెబుతున్నారు: నీటిలో నానబెట్టడం, దూరంగా తీసుకువెళ్లి కాల్చేయడం, గొయ్యి తీసి పూడ్చడం. ఏది మేలు?

సురేకారం
ఆ మూడింటిలో మీరు చేయదగినది ఏదీ లేదు. కారణాలు ఒక్కొక్కటిగా రాస్తాను.

నల్లమందు అని కచ్చితంగా తెలిస్తే పుష్కలంగా నీటిలో వేసి నైట్రేట్‌ను విడదీయవచ్చు. లోహపు పొడి ఉన్న మిశ్రమానికి నీరు తగిలితే మాత్రం హైడ్రోజన్ వెలువడవచ్చు, వేడి పుట్టవచ్చు. చర్య ఇప్పటికే నడుస్తున్న డబ్బాలో కొద్దిపాటి నీరు పోయడం అగ్గిని ఆర్పడం కాదు, దానికి కావలసినది అందించడం. కాల్చాలంటే ముందు డబ్బాను ఎత్తాలి, వాహనంలో కుదుపుల మీద తీసుకువెళ్లాలి, మూత తీయాలి. ఆ మూడు పనులూ రాపిడికి, దెబ్బకు దారితీసేవే. మరలు ఉన్న మూత అయితే దాని మరల మధ్య చిక్కుకున్న పొడి ఒక్క తిప్పుతోనే అంటుకోవచ్చు. పూడ్చిపెడితే మిశ్రమం నిర్వీర్యం కాదు, కనబడకుండా పోతుందంతే. పైగా పర్‌క్లోరేట్ నీటిలో తేలికగా కదిలి భూగర్భజలంలోకి చేరుతుంది, థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను తీసుకోకుండా అడ్డుపడుతుంది. బేరియం లవణాల్లో కరిగేవి విషం.

అగ్నిమాపక శాఖకో, పోలీసుల పేలుడు పదార్థాల నిర్వీర్య దళానికో ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కాకరపువ్వొత్తి
పిలిస్తే కేసు పెడతారన్న భయం చాలామందికి ఉంటుంది. ఆ భయంతోనే ఎందరో తామే తంటాలు పడుతున్నారు.

సురేకారం
ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ వారసత్వంగా వచ్చిన ప్రమాదకరమైన పదార్థాన్ని తానే వచ్చి చెప్పిన మనిషికీ, పేలుడు జరిగాక శిథిలాల్లో దొరికిన మనిషికీ అధికారులు ఇచ్చే మర్యాద ఒకటి కాదు. అవసరమైతే న్యాయవాదిని సంప్రదించండి, కానీ అందుకోసం డబ్బాను రోజుల తరబడి అక్కడే ఉంచవద్దు.

ఉష్ణమాపకం
ఫోన్ చేసేటప్పుడు మీకు తెలిసినదంతా చెప్పడం ముఖ్యం: డబ్బాలు ఎన్ని, ఎంత పెద్దవి, దేనితో చేసినవి, మూత ఉబ్బడం, వాసన, పక్క గదుల్లో ఎవరు ఉంటారు అన్నవి. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో 2000వ సంవత్సరం మే 13న బాణసంచా గిడ్డంగి పేలి 23 మంది చనిపోయారు. అనుమతి పత్రాల్లో ఉన్న తరగతి కంటే ప్రమాదకరమైన సరుకు అక్కడ నిల్వ ఉంది. మంటలు ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది కూడా చనిపోయినవారిలో ఉన్నారు. లోపల ఉన్నది ఏమిటో బయట నిలబడిన మనిషికి తెలియాలి, అది వారి హక్కు.

వెన్నెలమతాబు
ఫోన్ చేశాను. వచ్చిన బృందం ముందు పక్క ఇళ్లవారిని ఖాళీ చేయించింది. వెండి పొడి డబ్బాను చేత్తో ముట్టకుండా దూరం నుంచి పరికరాలతో బయటికి తెచ్చి, అక్కడికక్కడే ఖాళీ స్థలంలో నిర్వీర్యం చేశారు. 'ఆకుపచ్చ' డబ్బానూ గుళికలనూ కూడా వాళ్లే తీసుకున్నారు. నన్ను ప్రశ్నలు అడిగారు, వివరాలు రాసుకున్నారు, మర్యాదగానే మాట్లాడారు. పెద్దాయనతో కూడా మాట్లాడాను, వెండి మందులో బేరియం నైట్రేట్ ఉందని, అది ఎప్పుడు కలిపినదో గుర్తు లేదని ఆయన చెప్పారు. ఇప్పుడు నా దగ్గర విడి రసాయనాలు మాత్రమే మిగిలాయి. వీటినైనా ఎలా ఉంచాలో చెప్పండి.

జల్లెడ
పనిముట్లను కూడా వాళ్లకే ఇచ్చారా?

వెన్నెలమతాబు
ఇచ్చాను. జల్లెడలు, చెక్క గరిటెలు అన్నీ తీసుకువెళ్లారు.

లవణపరీక్ష
ముందు వాటిని ఉంచుకోవడానికి మీకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే వాటినీ అప్పగించండి. ఉంటే ఆక్సీకరణులను (నైట్రేట్, క్లోరేట్ వంటి ఆక్సిజన్ అందించే లవణాలను) ఒక గదిలో, ఇంధనాలను మరో గదిలో ఉంచండి, ఒకే అలమరలో వేర్వేరు అరలు సరిపోవు. క్లోరేట్‌ను గంధకం, ఆమ్లాలు, అమ్మోనియం లవణాలు, భాస్వరం అన్నిటికీ దూరంగా ఉంచండి. లోహపు పొడుల మీద తేమ పడకూడదు, గది ఉష్ణోగ్రత ఎండాకాలంలో ఎంతవరకు వెళుతుందో చూడండి. గంధకాన్ని ఏ రకమో తెలుసుకుని ఉంచండి, ఆవిరి నుంచి చల్లార్చిన మెత్తటి గంధకంలో ఆమ్లం జాడలు ఎక్కువగా ఉంటాయి.

పాతపుస్తకం
ప్రతి సీసా మీద పేరు, కొన్న తేదీ, మూత మొదటిసారి తీసిన తేదీ పెన్సిల్‌తో రాసి అంటించండి. కొన్ని సిరాలు ఏళ్లు గడిస్తే వెలిసిపోతాయి. ఈ వివరాల జాబితా ప్రతి ఒకటి ఇంట్లో మరొకరి దగ్గర కూడా ఉండాలి.

గంధకరేఖ
కలిపిన మందును నిల్వ ఉంచే పద్ధతే వద్దని నా మాట. ఆ పూట వాడనిదాన్ని కలపవద్దు, ఏ కారణం వల్లనైనా మిగిలితే అనుమతి పొందిన నిల్వగదికి అదే రోజు చేరాలి, ఇంట్లో రాత్రి ఉండకూడదు.